ఐసో, సీవో, డెస్, నైట్రస్: రెండే వేపరైజర్లకు చోటుంటే ఏవి పెట్టాలి? గాబా చెప్పేది, చెప్పనిది

పోయిన వారం మా జూనియర్ ఒకబ్బాయి ఫోన్ చేశాడు. గాజువాక వైపు నలుగురు స్నేహితులు కలిసి చిన్న నర్సింగ్ హోమ్ పెడుతున్నారట, థియేటర్ బాధ్యత ఇతని మీద పడింది. "సార్, మెషిన్ వచ్చేసింది. రెండు వేపరైజర్లకే చోటుంది. ఐసో, సీవో చాలంటాడు ఒకడు. డెస్ లేకపోతే కార్పొరేట్ హాస్పిటల్స్ ముందు మన పరువేం కావాలంటాడు ఇంకొకడు. గాబా మీద ఏది గట్టిగా పనిచేస్తే అది కొందామని పుస్తకం తీశాను. రెండు గంటలు చదివి మూసేశాను" అన్నాడు.

మూసేసి మంచి పని చేశావన్నాను. వేపరైజర్ అంటే మత్తు ద్రవాన్ని ఆవిరి చేసి రోగి పీల్చే గాలిలో కలిపే డబ్బా. గాబా అంటే మెదడులో నాడీకణాల్ని ఆపే ఒక అమైనో ఆమ్లం. గాబా అనేది ఇంటిపేరు లాంటిది. సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు వింటే ఏ ఇంటివాళ్ళో తెలుస్తుంది గానీ పెళ్ళికొడుకు గుణం తెలియదు కదా. ఐసోఫ్లూరేన్ (ఐసో), సెవోఫ్లూరేన్ (సీవో), డెస్‌ఫ్లూరేన్ (డెస్) అనే మత్తు గ్యాసులు మూడూ గాబా ఇంటివే. నైట్రస్ ఆక్సైడ్, జెనాన్ వేరే ఇంటివి. ఏ ఇల్లన్నది అమైనో ఆమ్లాన్ని చూసి తేల్చుకోవచ్చు. ఆ ఇంట్లో ఎవరన్నది మాత్రం రక్తంలో కరిగే గుణం, వాసన, ఖర్చు, కరెంటు చూసి తేల్చుకోవాలి. విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో కొత్తగా చేరిన పీజీలకీ, థియేటర్ టెక్నీషియన్లకీ పనికొస్తుందని అతనికి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను. ఆపరేషన్‌కి తేదీ పడి, "గ్యాస్ ఇస్తారట" అని టెన్షన్ పడుతున్నవాళ్ళు కూడా చదవొచ్చు. మీ మత్తు డాక్టర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు తలుపు సంగతి

మెదడులో, వెన్నుపాములో కబుర్లు మోసే రసాయనాల్లో మన పనికి మూడు అమైనో ఆమ్లాలు ముఖ్యం. గ్లూటమేట్ పరుగెత్తిస్తుంది. గాబా ఆపుతుంది. గ్లైసిన్ కూడా ఆపేదే, కాకపోతే దాని రాజ్యం ఎక్కువగా వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ. తమాషా ఏమిటంటే, ఆపే గాబా పుట్టేది పరుగెత్తించే గ్లూటమేట్ నుంచే. బి6 విటమిన్ సాయంతో ఒక ఎంజైమ్ గ్లూటమేట్‌ని గాబాగా మారుస్తుంది.

గాబా-ఎ రిసెప్టర్ అంటే ఐదు ముక్కలు గుండ్రంగా నిలబడి మధ్యలో సన్నటి దారి వదిలిన ప్రోటీన్. గాబా వచ్చి కూర్చోగానే ఆ దారి తెరుచుకుంటుంది, క్లోరైడ్ లోపలికి వెళ్తుంది, నాడీకణం చల్లబడుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో మళ్ళీ మూసుకుంటుంది.

మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. సాయంత్రం సముద్రపు గాలికి తలుపులు టపామని కొట్టుకుంటాయి. మా అమ్మ పాత సన్నికల్లు తాలూకు పొత్రం తెచ్చి తలుపుకి అడ్డం పెడుతుంది. తలుపు తీసేది మనిషే. పొత్రం తలుపు తియ్యదు, మూసుకోనివ్వదు. మామూలు మోతాదులో ఐసో, సీవో, డెస్ చేసేది సరిగ్గా ఇదే. గాబా తీసిన తలుపుని ఇంకాసేపు తెరిచి ఉంచుతాయి. మోతాదు బాగా పెంచితే గాబా లేకుండానే తలుపు నెట్టే శక్తి కూడా వాటికుంది, అది వేరే సంగతి.

గాబా కూర్చునేది రిసెప్టర్ బయటి వైపున. గ్యాస్ అక్కడికి పోదు. కణం పొరలో మునిగి ఉన్న భాగంలో సందు చూసుకుని దూరుతుంది. 1997లో ఆ సందులోని అమైనో ఆమ్లాల్లో ఒక్కదాన్ని మార్చి చూస్తే, ఎన్‌ఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ పని చేయడం మానేసింది. గాబాకి మాత్రం తలుపు తెరుచుకుంటూనే ఉంది. అంతకు ముందు దాదాపు ఒక శతాబ్దం పాటు, మత్తుమందులు కణాల కొవ్వులో కరిగి ఎలాగో పనిచేస్తాయని పాఠం చెప్పేవాళ్ళు. ఇంత చిన్న మార్పుకి మందు ప్రభావం పోయిందంటే, అది ప్రోటీన్‌లో ఫలానా చోట కూర్చుంటోందన్నమాట. మిడజోలం అనే నిద్ర ఇంజక్షన్ కూర్చునే చోటు మళ్ళీ వేరు. అందుకే దాని విరుగుడు ఫ్లూమజెనిల్ ఇస్తే మిడజోలం మత్తు దిగుతుంది, సీవో మత్తు దిగదు. సీవో దిగాలంటే రోగి దాన్ని ఊపిరితో బయటికి వదలాల్సిందే.

ఇక గ్లైసిన్. కత్తి పడినా కాలు కదలకపోవడం మెదడు చలవ అనుకుంటాం గానీ, అది ఎక్కువగా వెన్నుపాము పని. 1993లో మేకల్లో మెదడుకి విడిగా రక్తం తిప్పి, ఐసోఫ్లూరేన్ మెదడుకి మాత్రమే అందేలా చేశారు. మామూలుగా 1.2 శాతం సరిపోయే మందు అప్పుడు 2.9 శాతం దాకా కావాల్సి వచ్చింది. వెన్నుపాముకి మందు అందకపోతే మెదడు ఎంత మత్తులో ఉన్నా ఒళ్ళు కదులుతుంది. గాబా ఇంటి గ్యాసులు గ్లైసిన్ తలుపుకి కూడా పొత్రం పెడతాయి. రోగి కదలకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఒకటని ఎందుకన్నానంటే, గాబా, గ్లైసిన్ చెప్పేసి కథ అయిపోయిందనుకోకూడదు. గాబా-ఎ రిసెప్టర్‌లో ఒక ముక్కని మార్చిన ఎలుకల మీద ప్రొపొఫాల్ అనే మత్తు ఇంజక్షన్ దాదాపు చేతులెత్తేసింది. వాటికి ఎంత ఇచ్చినా వెనక కాలు నొక్కితే లాక్కున్నాయి. అవే ఎలుకల మీద గ్యాసుల బలం మాత్రం కొద్దిగానే తగ్గింది. పొటాషియం దారులు తెరవడం, గ్లూటమేట్ విడుదల తగ్గించడం, ఇలా గ్యాసులు నాలుగు వైపుల నుంచీ పనిచేస్తాయి. ప్రొపొఫాల్ ఒక్క తలుపునే నమ్ముకున్న మందు.

పక్కపక్కన పెడితే

| | ఐసో | సీవో | డెస్ | నైట్రస్ |
|---|---|---|---|---|
| గాబా తలుపు | బాగా పట్టి ఉంచుతుంది | బాగా పట్టి ఉంచుతుంది | బాగా పట్టి ఉంచుతుంది | దాదాపు ముట్టుకోదు |
| గ్లూటమేట్ ఎన్‌ఎండీఏ తలుపు | కొంత అణుస్తుంది | కొంత అణుస్తుంది | కొంత అణుస్తుంది | అసలు పని ఇక్కడే |
| మ్యాక్, 40 ఏళ్ళ వయసులో, శాతం | 1.2 | 2 | 6 | 104 |
| రక్తంలో కరిగే గుణం | 1.4 | 0.65 | 0.42 | 0.47 |
| మరిగే ఉష్ణోగ్రత, డిగ్రీల సెల్సియస్ | 48.5 | 58.5 | 23 | గది వేడిలో వాయువే |
| శరీరంలో విరిగేది, శాతం | 0.2 | 2 నుంచి 5 | 0.02 | లేదన్నట్టే |
| వాసన | ఘాటు | తీపి, మెత్తన | గొంతు పట్టేసేంత ఘాటు | లేదన్నట్టే |
| నొప్పి తగ్గిస్తుందా | లేదు | లేదు | లేదు | అవును |

మొదటి రెండు వరుసల్లో ఐసో, సీవో, డెస్ గడులు చూడండి. ఒకే మాట మూడుసార్లు రాశాను. మా జూనియర్ రెండు గంటలు వెతికి దొరకలేదన్న తేడా ఇదే. తేడాలన్నీ కింది వరుసల్లో ఉన్నాయి.

మ్యాక్ అంటే, కోత పెట్టినప్పుడు సగం మంది కదలకుండా ఉండడానికి ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన శాతం. నైట్రస్‌కి 104 అని ఉంది చూడండి, సముద్ర మట్టంలో ఉన్న మన విశాఖలో కూడా అంత ఇవ్వడం కుదరని పని, ఆక్సిజన్‌కి చోటేది? కాబట్టి నైట్రస్ ఎప్పుడూ తోడు మందే. 60 శాతం నైట్రస్ ఇస్తే సుమారు 0.6 మ్యాక్ వచ్చినట్టు. మిగతాది సీవోతోనో ఐసోతోనో నింపుకుంటాం.

రక్తంలో కరిగే గుణం ఎంత తక్కువైతే మందు అంత త్వరగా ఎక్కుతుంది, అంత త్వరగా దిగుతుంది. రక్తం దాన్ని దాచుకోదు కాబట్టి మెదడుకి త్వరగా అందుతుంది. పక్కపక్కన పెడితే నేను ముందు చూసే అంకె ఇదే.

ఐసో: ఊదారంగు డయల్

చవకైనది, ఓర్పున్నది. ఐసోని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకు. లెక్క వేసి చూడండి. గంటకి ఎన్ని మిల్లీలీటర్ల ద్రవం ఖర్చవుతుందో తెలుసుకోవడానికి పాత సూత్రం ఒకటుంది: మూడు ఇంటూ నిమిషానికి లీటర్లలో గ్యాస్ ఫ్లో ఇంటూ డయల్ శాతం. లీటర్ ఫ్లోలో 1.2 శాతం ఐసో అంటే గంటకి 3.6 మిల్లీలీటర్లు. అదే ఫ్లోలో 2 శాతం సీవోకి 6, 6 శాతం డెస్‌కి 18. సీసా ధర కూడా అదే వరుసలో పెరుగుతుంది. 240 మిల్లీలీటర్ల డెస్ సీసా పదమూడు గంటల్లో ఖాళీ, అదీ ఫ్లో లీటర్ దగ్గర కట్టేసుకున్నప్పుడు.

ఐసోతో చిక్కు నిదానం. రెండు మూడు గంటల కేసు తరవాత సర్జన్ గ్లవ్స్ తీసేసి టీ తాగి వచ్చినా రోగి కళ్ళు తెరవకపోవచ్చు. దానికి మందుని తిట్టి లాభం లేదు. లోపలి పొర కుట్టడం మొదలవగానే డయల్ తగ్గించుకుంటూ రావడం మన చేతిలో ఉన్న పని. ఘాటు కాబట్టి మెలకువగా ఉన్న మనిషికి మాస్కుతో మొదలుపెట్టలేం. పెద్దవాళ్ళకి ముందు ప్రొపొఫాల్ ఇంజక్షన్, తరవాత ఐసో. ఫిట్స్ ఎంతకీ ఆగని రోగిని ఐసీయూలో ఐసో మీద ఉంచి మెదడు అలల్ని అణిచే పద్ధతి కూడా ఉంది. గాబా తలుపుని పట్టి ఉంచే గుణాన్ని అక్కడ నేరుగా వాడుకుంటున్నామన్నమాట.

సీవో: పసుపురంగు డయల్

పిల్లలున్న థియేటర్లో సీవో లేకపోతే కుదరదు. టాన్సిల్స్‌కి వచ్చిన నాలుగేళ్ళ పిల్లని తలుచుకోండి. సూది చూస్తే థియేటర్ దద్దరిల్లుతుంది. మాస్కు లోపల కాస్త స్ట్రాబెర్రీ వాసన పూసి, "బెలూన్ ఊదు తల్లీ, ఇంకా పెద్దది, ఇంకా" అంటూ డయల్ తిప్పుతాం. పదో ఊపిరికి చూపు నిలబడిపోతుంది. తరవాత కాసేపు కాళ్ళూ చేతులూ విదిలిస్తుంది, ఊపిరి అడ్డదిడ్డంగా నడుస్తుంది. థియేటర్లోకి అమ్మని రానిచ్చి ఉంటే ఆమె గుండె జారేది అప్పుడే. అర నిమిషంలో అంతా నెమ్మదిస్తుంది. అప్పుడు సూది పెడతాం, ఆ పిల్లకి తెలియదు.

వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం సీవో కొంత ఇబ్బంది పెడుతుంది. రికవరీలో కొందరు పిల్లలు కళ్ళు తెరిచి కూడా ఎవరినీ గుర్తుపట్టకుండా ఏడుస్తారు, తన్నుకుంటారు. నొప్పి సరిగ్గా అణచకపోతే మరీను. తల్లిదండ్రులకి ఈ మాట ముందే చెప్పండి. చెప్పకపోతే "మా పిల్లకి ఏదో చేసేశారు" అని రికవరీ గుమ్మం దగ్గర మనల్ని నిలదీస్తారు, వాళ్ళని తప్పుపట్టలేం.

చిన్నపిల్లల గురించి ఇంకో భయం ఉంది, దానికీ గాబాకీ సంబంధం ఉంది. పుట్టిన కొత్తలో నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువ ఉంటుంది. అప్పుడు గాబా తలుపు తీస్తే క్లోరైడ్ లోపలికి రాకుండా బయటికే పోతుంది. అంటే పెద్దల్లో ఆపే గాబా పసికందుల్లో కణాన్ని రెచ్చగొట్టగలదు. జంతువుల పరిశోధనలు చూసి 2016 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది: మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలు దాటే మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు విషయంలో ఆలోచించమని. తరవాత 2019లో, పసితనంలో గంట లోపు సీవో తీసుకున్న పిల్లల్ని ఐదేళ్ళ వయసులో పరీక్షించిన పెద్ద అధ్యయనంలో తెలివితేటల్లో తేడా కనిపించలేదు. హెర్నియాకి అరగంట మత్తు అంటే తల్లిదండ్రులు నిద్ర మానుకోనక్కర్లేదు.

రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవడానికి మెషిన్లో పెట్టే సోడాలైమ్‌తో సీవో కలిసి కాంపౌండ్ ఎ అనే పదార్థం పుట్టిస్తుంది. ఎలుకల కిడ్నీలకి అది చెడ్డది. మనుషుల్లో అలాంటి హాని నిరూపణ కాలేదు. అయినా సోడాలైమ్‌ని ఎండిపోనివ్వకండి. సోమవారం పొద్దున మొదటి కేసుకి ముందు, శనివారం నుంచీ ఆక్సిజన్ తిరుగుతూనే ఉందేమో ఒకసారి చూసుకోండి. ఎండిన సోడాలైమ్ డెస్‌తో కార్బన్ మోనాక్సైడ్ కూడా పుట్టిస్తుంది.

డెస్: నీలిరంగు డయల్

గాబా ఇంటి గ్యాసుల్లో వేగంలో దీన్ని కొట్టేది లేదు. బాగా లావున్న మనిషికి నాలుగైదు గంటల ఆపరేషన్ అయితే, కొవ్వులో పెద్దగా నిలవ ఉండకుండా బయటికి వచ్చేస్తుంది. ట్యూబు తీసేసరికి రోగి పేరు చెబుతాడు. ఆ ఆనందం నాకూ తెలుసు.

కానీ మన ఊళ్ళో చిన్న నర్సింగ్ హోమ్‌కి డెస్ వద్దంటాను, మూడు కారణాలతో. దాని మరుగు స్థానం 23 డిగ్రీలు. విశాఖలో జనవరి రాత్రి తప్ప గది వేడి అంతకంటే ఎక్కువే. మామూలు వేపరైజర్లో పోస్తే డయల్ మీది అంకెకీ బయటికొచ్చే మందుకీ పొంతన ఉండదు. అందుకే దానికి కరెంటుతో 39 డిగ్రీలకి వేడిచేసి ఒత్తిడిలో ఉంచే ప్రత్యేకమైన వేపరైజర్ కావాలి. కరెంటు పోతే అది ఆగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరు మనది. ఆ తరవాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఐసో, సీవో వేపరైజర్లకి కరెంటుతో పనిలేదు. గ్యాస్ ప్రవాహం ఉంటే చాలు, మందు వస్తుంది.

రెండో కారణం గొంతు. డయల్ ఒక్కసారిగా పెంచితే గుండె వేగం, బీపీ ఎగురుతాయి. సిగరెట్లు తాగేవాళ్ళూ ఆస్తమా వాళ్ళూ దగ్గుతో మనల్ని ఆటాడిస్తారు. మూడోది గాలి. బరువుకి బరువు చూస్తే భూమిని వేడెక్కించడంలో డెస్ కార్బన్ డయాక్సైడ్ కంటే రెండున్నర వేల రెట్లు ఎక్కువ. స్కాట్లాండ్ ఆసుపత్రులు 2023లోనే మానేశాయి. యూరోపియన్ యూనియన్ 2026 జనవరి నుంచి తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప వాడొద్దంది. ప్రపంచం వదిలించుకుంటున్నదాన్ని పరువు కోసం కొత్తగా కొనుక్కోవడమేమిటి?

నైట్రస్: వేరే ఇంటి మనిషి

నీలం సిలిండర్. గాబా జోలికి పోదు. గ్లూటమేట్ కూర్చునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ని మూస్తుంది, అంటే కెటమిన్ అనే మత్తు ఇంజక్షన్‌కి చుట్టం. ఈ తేడా పుస్తకాల్లో ఉండిపోయేది కాదు, థియేటర్లో కళ్ళకి కనిపిస్తుంది. మెదడు అలల్ని బట్టి మత్తు లోతుని అంకెగా చూపే బిస్ మానిటర్ స్టిక్కర్ నుదుటి మీద అంటించి సీవో పెంచండి, అంకె దిగుతుంది. నైట్రస్ కలపండి, మత్తు పెరుగుతుంది గానీ అంకె కదలదు. ఆ మానిటర్ గాబా భాషకి అలవాటు పడింది. అంకె దిగలేదు కదా అని సీవో ఇంకా పెంచితే బీపీ పడిపోతుంది.

ఇది నొప్పి తగ్గిస్తుంది, గాబా ఇంటివాళ్ళు తగ్గించరు. సీవో ఇచ్చి నొప్పి మందు ఫెంటనిల్ మరిచిపోతే రోగి నిద్రపోతాడు, ఒళ్ళు మాత్రం నొప్పికి స్పందిస్తూనే ఉంటుంది.

దీని వల్ల దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా. చదువు అయిపోయిన కొత్తలో, ఊరు పేరు వద్దు గానీ, ఒక ఆసుపత్రిలో రాత్రి పేగు మెలిక పడిన కేసు వచ్చింది. అలవాటుగా నైట్రస్ పెట్టాను. రెండు గంటలయ్యేసరికి పేగు పొట్టలోంచి పొంగిన గారెల పిండిలా పైకి లేచింది. సర్జన్ గారు తలెత్తి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రక్తంలో నైట్రస్‌కి ఉన్న చోటు నైట్రోజన్‌కి లేదు. అందుకే మూసుకుపోయిన గాలి సంచీల్లోకి నైట్రస్ చేరేంత వేగంగా లోపలి నైట్రోజన్ బయటికి రాలేదు, సంచి ఉబ్బుతుంది. పేగు అడ్డం పడ్డా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, కంటిలో గ్యాస్ బుడగ పెట్టిన ఆపరేషన్ ఈమధ్యే అయినా నైట్రస్ ముట్టుకోకండి.

బి12 సంగతి కూడా. నైట్రస్ ఆ విటమిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. ఏళ్ళ తరబడి శాకాహారులై, కాళ్ళలో తిమ్మిర్లున్న పెద్దవాళ్ళు మన దగ్గరికి తక్కువేం రారు. వాళ్ళకి నేను నైట్రస్ ఇవ్వను. ఆపరేషన్ తరవాత వాంతులు కూడా దీనితో ఎక్కువ, ముఖ్యంగా గంట దాటితే.

జెనాన్, హాలోథేన్: నాలుగు మాటల్లో

జెనాన్ చదువుకోవడానికి మహా బాగుంటుంది, కొనడానికి కాదు. ఎన్‌ఎండీఏ తలుపు తెరుచుకోవాలంటే గ్లూటమేట్ ఒక్కటే చాలదు, పక్కన గ్లైసిన్ కూడా కూర్చోవాలి. జెనాన్ ఆ గ్లైసిన్ కుర్చీలో కూర్చుంటుంది. వెన్నుపాములో బ్రేకు వేసే అదే గ్లైసిన్ ఇక్కడ యాక్సిలరేటర్‌కి తోడు. ఐసో మొదటి పనిని పెంచుతుంది, జెనాన్ రెండోదాన్ని అడ్డుకుంటుంది. ఒకే అమైనో ఆమ్లం, రెండు దారుల్లో మత్తు. గాల్లోంచి తీసే ఈ వాయువు ఖరీదు చూస్తే మాత్రం మనకి మత్తు దిగిపోతుంది.

హాలోథేన్ ఎర్ర డయల్ మా తరం చేతికి అలవాటైనది, తీపి వాసన, చవక. శరీరంలో ఇరవై శాతం దాకా విరుగుతుంది, అరుదుగా లివర్‌ని దెబ్బతీస్తుంది, గుండె లయని చెడగొడుతుంది. సీవో వచ్చాక దాని పని అయిపోయింది. గ్యాసుల్ని పోల్చి తగువులాడుకోవడం మనకేమీ కొత్త కాదు లెండి. క్లోరోఫామ్ ముందు ఆపేది ఊపిరినా, గుండెనా అని తేల్చడానికి 1888, 1889లలో నిజాం సొమ్ముతో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఊపిరినే అని తేల్చారు. గుండె కూడా ఆగగలదని తరవాత బయటపడింది.

రోగిని బట్టి

మ్యాక్ అంకె నలభై ఏళ్ళ మనిషిది. ఆ పైన పదేళ్ళకి ఆరు శాతం చొప్పున తగ్గుతుంది. ఎనభై ఏళ్ళ తాతగారికి సీవో 2 శాతం అక్కర్లేదు, ఒకటిన్నర చాలు. ఏ గ్యాస్ అన్నదాని కంటే ఎంత అన్నది వీళ్ళ దగ్గర ముఖ్యం.

రోజూ మందు తాగే అలవాటున్నవాళ్ళు ఆ మాట ఇంట్లోవాళ్ళ ముందు చెప్పరు. అందర్నీ బయటికి పంపి అడగండి. ఆల్కహాల్ కూడా గాబా-ఎ తలుపు దగ్గర తిరిగేదే. ఏళ్ళ తరబడి తాగిన మెదడు ఆ పొత్రానికి అలవాటుపడి ఉంటుంది, మత్తు ఎక్కువ కావాలి. అదే, తాగి వచ్చి యాక్సిడెంట్ అయినవాడికి తక్కువ చాలు. నిద్రమాత్రలు, ఆల్ప్రాజోలం వేసుకునేవాళ్ళనీ ఇలాగే అడగాలి. రోగులూ, మీరు దాచితే నష్టం మీకే.

ఈమధ్య ఇంకో ప్రశ్న వస్తోంది: "డాక్టర్ గారూ, నిద్ర కోసం ఆన్‌లైన్‌లో గాబా క్యాప్సూల్స్ తెప్పించుకున్నాను, మత్తుకి అడ్డమా?" మింగిన గాబా రక్తంలోంచి మెదడులోకి పెద్దగా దాటదు. అయినా ఏం వేసుకుంటున్నారో చెప్పండి, ఆ సీసాలో గాబాతో పాటు ఇంకేం కలిపారో లేబుల్ చూడాలి. గాబాపెంటిన్ వేసుకునేవాళ్ళు కూడా అదే గాబా అనుకుంటారు. పేరులోనే గాబా ఉంది, అది పనిచేసేది కాల్షియం దారుల మీద.

కుటుంబంలో ఎవరికైనా మత్తులో ఒళ్ళు కాలిపోయేంత జ్వరం, కండరాల బిగువు వచ్చి ప్రాణం మీదికి వచ్చిందంటే ఐసో, సీవో, డెస్ మూడూ వద్దు. ప్రొపొఫాల్ డ్రిప్పుతో నడపండి. దాని విరుగుడు మందు డాంట్రోలీన్ ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుని ఉండండి.

ఇక భయం. విశాఖలో గ్యాస్ అనే మాట తేలిగ్గా అనలేం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం మీద స్టైరిన్ ఆవిరి కమ్మింది. ఆ వైపు నుంచి గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి వచ్చిన పెద్దావిడ ఒకామె నా చెయ్యి పట్టుకుని, "గేస్ ఎడతారేటి బావూ? నాను మల్లీ లెగుస్తానా?" అంది. ఆమెకి గాబా చెబితే ఏం లాభం? మానిటర్ ఆమె వైపు తిప్పి, "అమ్మా, నువ్వు పీల్చేది, వదిలేది ప్రతి ఊపిరికీ ఇక్కడ అంకె పడతాది. నేను ఇక్కడ్నించి కదలను" అన్నాను. చూసింది. "అయితే సరే" అని మాస్కు తనే లాక్కుంది.

మా జూనియర్‌కి చెప్పింది

ఐసో, సీవో పెట్టు. పెద్దవాళ్ళ మామూలు కేసులు ఐసో మీద, పిల్లలూ ఆ రోజే ఇంటికి పంపాల్సినవాళ్ళూ సీవో మీద. నైట్రస్ లైన్ ఉండనీ, చెయ్యి మాత్రం అలవాటుగా దాని మీదికి పోకూడదు. డబ్బు మరీ ఇరుకుగా ఉంటే ముందు సీవో ఒక్కటే కొని, మిగిలిన డబ్బుతో ఊపిరిలో మందు శాతం చూపించే గ్యాస్ మానిటర్ కొను. ప్రొపొఫాల్‌కి అలాంటి కొలత ఊపిరి ఊపిరికీ దొరకదు, గ్యాస్‌కి దొరుకుతుంది. ఆ వసతి ఉండి వాడుకోకపోవడం నాకు నచ్చదు. వయసుకి సరిచేసిన 0.7 మ్యాక్ దగ్గర అలారం పెట్టుకో. అంతకన్నా దిగితే రోగి లోపల్నించి మన మాటలు వినే ప్రమాదం ఉంది.

"మరి డెస్ అడిగినవాడికి ఏం చెప్పను సార్?" అన్నాడు. గంటకి పద్దెనిమిది మిల్లీలీటర్ల లెక్క కాగితం మీద వేసి చూపించమన్నాను.

ఇంకో మాట మరిచిపోయాను. వేపరైజర్ ఆర్డర్ పెట్టేటప్పుడు దాని సీసాకి సరిపడే ఫిల్లింగ్ అడాప్టర్ కూడా రాయించు. ఊదారంగుది ఐసోకి, పసుపుది సీవోకి, ఒకదాని సీసా ఇంకోదానిలోకి దూరకుండా గాడులు వేరుగా ఉంటాయి. అది రాకపోతే వేపరైజర్ ఉంటుంది, సీసా ఉంటుంది, ఓపెనింగ్ రోజు మొదటి కేసు టేబుల్ మీద ఉంటుంది, మందు మాత్రం లోపలికి పోదు.